కర్ర పక్కన కొడవలి

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలతో చెప్పి రాయిస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం తిన్నది అరిగించుకుంటూ, పడుకున్నచోట నిద్రపోతూ బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ పిల్లలూ కూడా అలాగే ఉన్నారని నీ ఉత్తరం విన్నాక మనసు కుదుటపడింది. రాస్తున్నది కోడలు. అక్షరాలు గుండ్రంగా కనిపిస్తే అది దాని గొప్ప, మాటలు కటువుగా తగిలితే అవి నావి. ఈ పిల్లకొక జబ్బుంది. నేను "వాడు" అంటే "వారు" అని రాస్తుంది, "నోర్మూసుకోమన్నాను" అంటే "మౌనంగా ఉండమన్నాను" అని రాస్తుంది. అందుకని ఈసారి పేజీ నిండినప్పుడల్లా చదివి వినిపించమంటున్నాను. చదివేటప్పుడు తడబడిందంటే ఏదో మార్చిందని అర్థం.

పోయిన ఉత్తరంలో నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. ఒక్కొక్కదానికీ ఒక్కో వేలు ముడిచి పెట్టుకున్నాను.

మొదటిది, నా కన్ను. శుక్లం తీసేశారు. కట్టు కూడా విప్పేశారు. ఇప్పుడు ఎంత బాగా కనిపిస్తోందంటే, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో గిన్నెలు శుభ్రంగానే తోముతున్నారని అనుకున్నాను. (రాయవే, నవ్వుతూ కూర్చోకు.) రెండో కన్ను మూడు నెలల తర్వాత చేస్తారట.

రెండోది, నా కొడుకు ఉద్యోగం. వాడికి దారి మార్చారు. ఇప్పుడు ఆసుపత్రి వైపు వెళ్ళే పదిహేడో నెంబరు బస్సు నడుపుతున్నాడు. మొన్న వీధి చివర నిలబడి "అదుగో మనవాడి బస్సు" అన్నాను. కోడలు తెల్లబోయింది. "అత్తయ్యా, మీకు నెంబర్లు చదవడం వచ్చా?" అంది. నెంబర్లు రావు. ఆ ఒక్క నెంబరూ వచ్చు. ఒక కర్ర, దాని పక్కన ఒక కొడవలి. ఎప్పుడు నేర్చుకున్నానో తర్వాత చెప్తాను.

మూడోది, మా ఇంట్లో తుపాకీ దొరికిందని ఎవరో మోసిన మాట నిజమేనా అని. నిజమే. ఉత్తరమంతా దాని గురించే.

నాలుగోది కాస్త వేడిగా అడిగావు. "అక్కా, నాకు అరవై ఏళ్ళొచ్చాయి. ఊళ్ళో అందరూ బాగుచేయమని గడియారాలు నా చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్తారు. నువ్వు మాత్రం ప్రతి ఉత్తరం చివరా 'ఒకరి వస్తువు ముట్టకు' అని ఇంకా ఎందుకు రాయిస్తావు?" అని. దానికి జవాబు ఉంది. చివర చెప్తాను. మధ్యలో గుర్తు చేయొద్దని కోడలికి గట్టిగా చెప్పాను.

మీ బావ సంగతి నీకు తెలిసిందే గానీ, నువ్వు ఇల్లొదిలి వెళ్ళిన రోజుల్లో జరిగింది కాబట్టి మొదటినుంచీ చెప్తాను. మీ బావ పోలీసుల తుపాకుల గదికి కాపలా ఉండేవాడు. పొద్దునా సాయంత్రం తుపాకులు లెక్కపెట్టి తాళం వేయడం ఆయన పని. నలభై రెండేళ్ళ కిందట ఒకరోజు లెక్కలో ఒక రివాల్వరు తగ్గింది. ఆయన తీశాడని పైవాళ్ళు రుజువు చేయలేకపోయారు. తీయలేదని ఆయనా రుజువు చేయలేకపోయాడు. అందుకని ఉద్యోగం ఉంచి, పరువు తీసి, నాలుగు రోడ్ల కూడలిలో బళ్ళు ఆపడానికి నిలబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడ్డాడు. ఎత్తి ఆపే చెయ్యి ఒక రంగు, దించి ఉంచే చెయ్యి ఇంకో రంగు అయిపోయాయి. ఏడేళ్ళ కిందట పోయే ముందు కూడా "నేను తీయలేదే" అన్నాడు. "తెలుసులే, మందు మింగు" అన్నాను.

ఇక తుపాకీ దొరికిన వైనం. మా వంటింట్లో పొగ బయటికి తోసే ఫ్యాను పెట్టించాలని కోడలు పదకొండేళ్ళుగా అడుగుతోంది. పొయ్యి పైనున్న గోడలో తప్ప అది ఇంకెక్కడా కుదరదు. నేను పడనివ్వలేదు. ఒక ఏడు ఆ గోడ బలహీనం అన్నాను. ఒక ఏడు పొగ తగిలితే పైకప్పు చెక్కకి చెద పట్టదన్నాను. ఇంకో ఏడు ఏ కారణమూ తోచక, నాకు ఛాతీలో నొప్పి అని పడుకున్నాను. ఈ పిల్ల నేను కంటి ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ చూసుకుని తాపీమేస్త్రీని పిలిపించింది. అతను గోడ మీద నాలుగు దెబ్బలు వేసేసరికి మైనపు గుడ్డలో చుట్టిన మూట ఒకటి జారి అతని కాలి మీద పడింది. విప్పి చూసి కెవ్వుమన్నాడట. వాచిన కాలితో ఆసుపత్రికి పోవాలి కదా, టీ కొట్టుకి పోయాడు. నేను ఒక కంటికి కట్టుతో తిరిగొచ్చేసరికి, వీధి వీధంతా రెండు కళ్ళూ విప్పుకుని మా గుమ్మం వైపు చూస్తోంది.

లోపలికెళ్తే కోడలు వంటింటి మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా గిన్నె, గిన్నె మీద మూత, మూత మీద ఇస్త్రీపెట్టె.

"ఏంటే అది?"

"తుపాకీ అత్తయ్యా. పేలుతుందేమోనని..."

"పేలితే ఇస్త్రీపెట్టె ఆపుతుందా?"

"ఏమో అత్తయ్యా, ఇంట్లో బరువైన వస్తువు ఇదొక్కటే ఉంది. మీరేమో ఆసుపత్రిలో ఉన్నారు."

(ఈ చివరి మాట అది అప్పుడు అనలేదు తమ్ముడూ. ఇప్పుడు రాస్తూ చేర్చింది. చదివి వినిపిస్తుంటే దొరికింది. బాగుంది కాబట్టి ఉంచమన్నాను.)

మూత తీసి చూశాను. అన్నేళ్ళ జిడ్డు, మసి, తుప్పు. పోలీసులు రావడం ఖాయం. అలాంటి మురికి వస్తువు పరాయివాళ్ళ ముందు పెడతానా? బూడిద, ఇసుక, నిమ్మచెక్క వేసి అరగంట తోమాను. తళతళలాడింది. అలా ఎందుకు తోమానో అసలు కారణం వేరే ఉంది. అది కూడా చివరికే.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొత్తవాడు, మా అబ్బాయి వయసు కూడా ఉండదు. వేసుకున్న చొక్కా మడత ఎంత పదునంటే దానితో కూరగాయలు తరగవచ్చు. నేను మనసులో "ఇస్త్రీ" అని పేరు పెట్టుకున్నాను. చంకలో గుడ్డ అట్ట వేసిన పాత రిజిస్టరు ఒకటి తెచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, చొక్కా నలుగుతుందని. నిలబడే చదివాడు.

"పోలీసు మార్కు గల రివాల్వరు ఒకటి. పదిహేడో నెంబరు. కనపడుట లేదు. బాధ్యుడు, తుపాకుల గది కాపలాదారు." రిజిస్టరు మూసి, తుపాకీ పిడి తిప్పి చూశాడు. పిడి వెనక ఇనుము మీద నక్షత్రం, రెండు అక్షరాలు. అది పోలీసు మార్కట. దాని కింద కర్ర, కొడవలి. "అదే ఇది. బామ్మగారూ, ఏమీ అనుకోకండి, దొరికిందని పైకి రాసేస్తాను."

"దొరికిందని అంటే?"

"అంటే... మీవారే తీసి దాచారని."

"నువ్వు పుట్టకముందు పోయిన వస్తువుని చూడగానే పోల్చుకున్నావే! మీ ఇద్దరికీ ముందే పరిచయమా నాయనా?"

"నెంబరు ఉంది కదండీ. పదిహేడు."

"మా అబ్బాయి నడిపే బస్సుకీ పదిహేడే ఉంది. దాన్ని కూడా మా ఆయనే ఎత్తుకొచ్చాడని రాయి. ఇంకా పెద్ద దొంగ అవుతాడు, నీకు పెద్ద పేరొస్తుంది."

కోడలు తలుపు వెనకనుంచి "అత్తయ్యా, అత్తయ్యా" అని సైగలు చేస్తోంది. నేను ఆగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఎండలో నిలబడినవాణ్ణి ఏడేళ్ళు మట్టిలో పడుకోనిచ్చి, ఇప్పుడు లేపి దొంగ అంటారా? ఈ వస్తువు వయసెంతో, ఎప్పుడు పుట్టిందో, ఎవరి చేతిలో తిరిగిందో తెలిసిన మనిషి చూసి చెప్పేదాకా నువ్వు కలం ముట్టుకోవద్దన్నాను. ఇస్త్రీ మంచివాడే, కాస్త జంకాడు. పెద్ద నగరం నుంచి నిపుణుడు రావాలంటే ఆరు నెలలు పడుతుంది, ఇక్కడే పోలీసుల తుపాకులు బాగుచేసే ముసలి మేస్త్రీ ఒకడున్నాడు, అతను చెప్పి సంతకం చేస్తే చెల్లుతుంది అన్నాడు. "పద" అన్నాను. జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. వీధిలో అందరూ చూశారు. అరెస్టు చేస్తే వెనక కూర్చోబెడతారు కదా, అందుకని ముందు కూర్చున్నాను.

మేస్త్రీ కొట్టు ఒక సందులో ఉంది. మనిషి అడ్డంగా తిరిగే చోటు లేదు. గోడ నిండా ఆకురాళ్ళు, బల్లకి బిగించిన వైసు, నూనె వాసన. మనిషికి నాకంటే నాలుగేళ్ళు ఎక్కువే ఉంటాయి. బాగుచేసిన ప్రతి తుపాకీని చెవి పక్కన పేల్చి చూసుకున్నందువల్ల వినికిడి పోయింది. ఏ మాట చెప్పాలన్నా అరవాలి. మా ఇంటి గుట్టంతా ఆ సందుకి వినపడింది.

ఆయన తుపాకీని గుడ్డ మీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కసారి చూసి తల పట్టుకున్నాడు.

"ఎవరు తోమారు దీన్ని?"

"నేనే!" అని అరిచాను.

"దేనితో?"

"బూడిద, ఇసుక, నిమ్మచెక్క!"

"తల్లీ, పాత వస్తువుకి దాని మురికే పుట్టుపూర్వోత్తరాలు. ఏ రంగు మిగిలింది, ఏ గీత ఎప్పటిది, తుప్పు మార్కు మీద పట్టిందా మార్కు కిందనా, ఇవన్నీ చూసే కదా వయసు చెప్పేది! నువ్వు మొహం కడిగి పంపించావు!"

"మురికి చూసి వయసు చెప్పేట్టయితే మా అబ్బాయి గది చూసి వాడికి నూరేళ్ళంటావు! ఉన్నదానితో చెప్పవయ్యా!"

ఇస్త్రీ నవ్వు ఆపుకోలేక చొక్కా సర్దుకున్నాడు.

మేస్త్రీ పని మొదలెట్టాడు. ఎంత కోపంగా తిట్టాడో అంత మెత్తగా ముట్టుకున్నాడు. ముందు మీట నొక్కి తుపాకీని మధ్యకి వంచి విప్పాడు. గుళ్ళు కూర్చునే ఆరు గూళ్ళూ ఖాళీ. గొట్టం పొడవు కొలిచాడు. పిడి అడుగున తాడు కట్టుకునే కడియం చూపించాడు, గుర్రం మీద తిరిగే రోజుల్లో జారిపోకుండా మెడకి కట్టుకునేవాళ్ళట. నక్షత్రానికి ఎన్ని మొనలున్నాయో భూతద్దంలో లెక్కపెట్టాడు. తర్వాత పదిహేడు మీద వేలు పెట్టి ఇస్త్రీని అడిగాడు.

"ఇదేంటి?"

"తుపాకీ నెంబరు కదండీ."

"కాదు బాబూ. కొక్కెం నెంబరు. తుపాకుల గదిలో గోడకి వరసగా కొక్కేలు ఉంటాయి. పదిహేడో కొక్కేనికి తగిలించేదాని మీద పదిహేడు కొడతారు. అది పాతబడి తీసేస్తే, కొత్తది తెచ్చి అదే కొక్కేనికి తగిలిస్తారు, దాని మీదా పదిహేడే కొడతారు. ఇది తుపాకీ పేరు కాదు, అది కూర్చునే కుర్చీ పేరు. మీ గదిలో ఇప్పటిదాకా ఎన్ని పదిహేడో నెంబర్లు కూర్చుని లేచి వెళ్ళాయో!"

ఇస్త్రీ మొహంలో మడత పోయింది. నాకు మాత్రం ఇంకా నిశ్చింత లేదు. ఎందుకంటే ఆ మేస్త్రీ ఇంకో మాట అన్నాడు. "ఇది పోయిన పదిహేడు కాదనీ చెప్పలేను, అవుననీ చెప్పలేను. అసలు నెంబరు పిడి చెక్క కింద ఉంటుంది." చెక్క బిగించిన మర తుప్పు పట్టి కదలలేదు. నూనె చుక్క వేసి గంట ఆగమన్నాడు. ఆ గంటసేపు ఇస్త్రీ సందులో అటూ ఇటూ తిరిగాడు. నేను రెండు కాఫీలు తాగాను. రెండోది ఇస్త్రీకి తెప్పించిందే.

గంట తర్వాత మర కిర్రుమంది. చెక్క ఊడింది. ఆ చెక్క కింద ఇనుము ఎవరూ తోమనిది, పుట్టినప్పటి రంగుతో నల్లగా మెరుస్తోంది. మేస్త్రీ దీపం దగ్గరికి లాగి చదివాడు. అయిదు అంకెల నెంబరు. తయారైన ఏడు. లెక్క వేస్తే నేను పుట్టడానికి పన్నెండేళ్ళ ముందు. వాటి పక్కన చిన్నగా పోలీసు నక్షత్రం, నక్షత్రం మీద అడ్డంగా ఒక గీత.

"ఇదుగో, కొట్టేసిన మార్కు!" అన్నాడు మేస్త్రీ. "ఇక పనికిరాదని పోలీసులే పాత ఇనుము కింద అమ్మేసేటప్పుడు మార్కు మీద గీత కొడతారు. పైనొకటి, చెక్క కింద ఒకటి. పైన కూడా ఉండాలే..." మళ్ళీ భూతద్దం తీశాడు. "ఉంది. ఉండేది. లోతులేని గీత. తోమేశారు." నా వైపు చూశాడు. నేను కొట్టు పైకప్పు ఎంత బాగుందో చూస్తున్నాను.

ఇస్త్రీ రిజిస్టరు వెనక పేజీల్లో వెతికాడు. ఆ అయిదు అంకెల నెంబరు అక్కడ ఉంది. మీ బావ ఉద్యోగంలో చేరడానికి అయిదేళ్ళ ముందే అమ్మేసినట్టు రాసి ఉంది. అప్పటికి మీ బావ సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడు. పోయిన రివాల్వరు ఏమో కొత్తరకం, గొట్టం ఇంకో రెండు వేళ్ళు పొడుగు, వేరే నెంబరు. అది ఎటు పోయిందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. కానీ మా గోడలో దొరికింది అది కాదు. మేస్త్రీ ఆ ముక్క కాగితం మీద రాసి, పెద్ద సంతకం పెట్టాడు. నేను నా కట్టు కంటిని కూడా తుడుచుకున్నాను.

అక్కడితో అయిపోవాలి. అయిపోయేది కూడా. ఇస్త్రీ కలం తీసి, "ఇక ఒక్క వాక్యం బామ్మగారూ. పాత ఇనుములో అమ్మేసింది మీ గోడలోకి ఎలా వచ్చిందో రాయాలి. మీవారు ఎక్కడో కొని ఉంటారని రాసేస్తాను. అనుమతి లేకుండా తుపాకీ ఉంచుకోవడం తప్పే గానీ, పోయినవాళ్ళ మీద కేసు ఉండదు. అందరికీ సులువు" అన్నాడు.

సులువే తమ్ముడూ. తల ఊపితే చాలు. మీ బావ లేచొచ్చి కాదనడు. కానీ ఆ మాట వినగానే నా ఒళ్ళు మండిపోయింది. "ఎదురుగా లేనివాడి మీద తోసేస్తే అందరికీ సులువే! వాడొచ్చి కాదంటాడా ఏం!" అని అరిచాను. మేస్త్రీకి కూడా మొదటిసారే వినపడింది. అరిచాక నా మాట నాకే తగిలింది. ఎదురుగా లేనివాళ్ళు నాకు ఇద్దరున్నారు. ఒకడు మట్టిలో, ఒకడు నీ ఊళ్ళో.

"కొన్నది నేను. నా పేరు రాయి" అన్నాను.

ఇక్కడ కోడలు కలం ఆపింది. "అత్తయ్యా, ఇది కూడా రాయాలా?" అంటోంది. రాయవే. ఇదే రాయాలి. ఇప్పటిదాకా చెప్పిందంతా దీనికోసమే.

లెక్క తగ్గిన ఆ నెల మీ బావ అన్నం ముట్టలేదు. పైవాళ్ళు పంపిన కాగితం బల్ల మీద పెట్టుకుని, ఒకేచోట వేలితో గీస్తూ కూర్చునేవాడు. కర్ర, కొడవలి. కర్ర, కొడవలి. నాకు ఆ బొమ్మ కళ్ళలో అచ్చుపడిపోయింది. నేను ఏమనుకున్నానో తెలుసా? ఒకటి తగ్గింది, ఒకటి తెచ్చి పెడితే లెక్క సరిపోతుంది. మన వంటింట్లో గ్లాసు పగిలితే ఇంకో గ్లాసు కొంటాం, గ్లాసుని నీ పేరేంటని అడుగుతామా? పోలీసులు పనికిరాని ఇనుము అమ్మే పాతసామాన్లవాడి దగ్గరికి వెళ్ళాను. గోనెసంచిలో తుప్పు పట్టినవి తొమ్మిదో పదో ఉన్నాయి. ఒక్కోటీ తిప్పి చూసి, కర్ర పక్కన కొడవలి ఉన్నదాన్ని పట్టుకున్నాను. దాని మీద సన్నని గీత ఒకటి ఉంది. ఎక్కడో రాసుకుపోయిందనుకున్నాను.

వాడు చెప్పిన ధరకి నా ఒంటి మీద అప్పటికే ఏమీ మిగల్లేదు. అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మ చీరల మడతల్లో రెండు బంగారు గాజులు ఉండేవి. తీసుకున్నది నేనురా. మళ్ళీ చేయించి పెట్టేద్దామనుకున్నాను. నాలుగో రోజు గాజులు లేవని నాన్న చూశాడు. అదే వారం నువ్వు నీ సొంత కష్టంతో పాత చేతి గడియారం కొనుక్కుని, చొక్కా చెయ్యి పైకి మడిచి ఇల్లంతా తిరిగావు. నాన్నకి రెండూ రెండూ కలిపితే నువ్వు తేలావు. గడియారం ఊడబెరికాడు, స్టేషన్లో నీ పేరు ఇచ్చాడు. నువ్వు ఇల్లొదిలి వెళ్ళిపోయావు. అమ్మ మాత్రం నువ్వు తీశావని ఒక్కనాడూ అనలేదు. నేను నోరు విప్పితే తుపాకీ బయటపడుతుంది, మీ బావ జైలుకి పోతాడు. మొదట ఆ భయం. తర్వాత, ఇన్నాళ్ళు దాచిన మాట ఇప్పుడెలా చెప్పను అనే సిగ్గు. అదీగాక నాకు అక్షరం రాదు. నీ ఒక్కడికే చెప్పాల్సిన మాట ముందు ఇంకొకరికి చెప్తేగానీ నీ దాకా రాదు. మొదట మీ బావ రాశాడు, తర్వాత కొడుకు, ఇప్పుడు ఈ పిల్ల. ఎవరి ముందు చెప్పను?

మీ బావకి ఆ రివాల్వరు టిఫిన్ గిన్నెలో పెట్టి ఇచ్చాను. "ఇదుగో పదిహేడు. పోయి పెట్టెయ్, అన్నం తిను" అన్నాను. ఆయన తిప్పి చూశాడు. నేలమీద కూర్చుండిపోయి నెల తర్వాత మొదటిసారి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది అమ్మేసినదే పిచ్చిదానా. నెంబరూ వేరు, పొడవూ వేరు. ఇది తీసుకెళ్తే ఒకటి కాదు, రెండు దొంగిలించానంటారు" అన్నాడు. ఎక్కడిదని అడిగితే, ఆయనకి చెప్పకుండా ఎప్పుడో అమ్మేసిన నా చెవి దుద్దులు ఇప్పుడే ఇచ్చి తెచ్చానని అబద్ధం చెప్పాను. గాజుల సంగతి తెలిస్తే నన్ను మోకాళ్ళ మీద నీ దగ్గరికి నడిపించి ఉండేవాడు. తనే సిమెంటు కలిపి గోడలో పెట్టేశాడు. ఆ రోజునుంచి నన్ను "ఆయుధశాఖవారూ, కాఫీ ఉందా?" అని పిలిచేవాడు. ఆ పేరెందుకని నువ్వొకసారి ఉత్తరంలో అడిగావు. ఇందుకు.

కాబట్టి తోమింది శుభ్రం కోసం కాదు. పోలీసు మార్కు చెరిపేద్దామని. మార్కు లోతుగా ఉంది, పోలేదు. దాన్ని కొట్టేసిన గీత లోతు తక్కువ, అది పోయింది. మీ బావని కాపాడే గీత పైకి కనపడేది ఒక్కటే ఉంటే నా చేత్తో నేనే నిమ్మచెక్క పెట్టి తుడిచేశాను. చదువు లేకపోతే చేతులు ఊరుకోవు తమ్ముడూ.

ఇక నీ నాలుగో ప్రశ్న. "ఒకరి వస్తువు ముట్టకు" అని మొదటి ఉత్తరంలో రాయించినప్పుడు నాన్న పక్కనే కూర్చుని వింటున్నాడు. రెండో దాంట్లో మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారని మళ్ళీ రాయించాను. అలా అలవాటైపోయింది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు గట్టిగా వినేది నేనే. నీకు చేరడం పొరపాటు.

వాంగ్మూలం మీద వేలిముద్ర వేశాను. గాజుల సంగతీ, నీ సంగతీ అందులో ఉన్నాయి. నీ పేరున్న పాత ఫిర్యాదు కూడా అదే బీరువాలో దొరికిందట. దాని మీద అడ్డంగా గీత కొట్టించాను. కాస్త లోతుగా కొట్టమన్నాను. నకలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నన్నేం చేయాలో పైవాళ్ళని అడగాలని ఇస్త్రీ తల గోక్కుంటున్నాడు. జైల్లో వేసేట్టయితే రెండో కన్ను ఆపరేషన్ అక్కడ చేయిస్తారో లేదో కనుక్కోమన్నాను.

తిట్టాలనుకుంటే తిట్టు. గట్టిగా, విడివిడి అక్షరాలతో రాయి, మెత్తగా రాస్తే ఈ పిల్ల చదివేటప్పుడు ఇంకా మెత్తబరుస్తుంది. (కళ్ళెందుకు తుడుచుకుంటావే, కాగితం తడిస్తే ఆ గుండ్రటి అక్షరాలు ఏమవుతాయి? ఫ్యాను పెట్టించుకో, ఇక అడ్డం చెప్పను.)

ఒక్కటి మిగిలింది. నాన్న నీ చేతినుంచి ఊడబెరికిన గడియారం, ఆయన పోయాక ఎవరూ చూడకుండా తీసుకున్నాను. నా పెట్టె అడుగున ఉంది. తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు, నీకు విప్పి చూస్తే తెలుస్తుంది. పార్శిలు చేయను, దారిలో ఎవరైనా ముట్టుకుంటారు. ఒకరి వస్తువు ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చి తీసుకో.

ఇట్లు,
ఈ ఒక్క ఉత్తరం చివర నీకు బుద్ధి చెప్పని
నీ అక్క
(వేలిముద్ర)